మంట పెట్టింది మీ పాలకొల్లే

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసెయ్, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరానికి జవాబు రాయలేదని నీకు కోపంగా ఉందని తెలుసు. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటే, ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తావా? సగంలో "అదంతా సరేగానీ" అంటావు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. అందుకే కాగితం, కలం.

ఇంట్లో కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. డాక్టరుగారు మెట్లెక్కొద్దన్నారు, మేముండేదేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చిన్నోడు తమిళంలో వీధి పిల్లలతో ధాటిగా పోట్లాడుతున్నాడు. అద్దె పెరిగింది. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూపులు తగ్గలేదు. పద్మ మీ ఆవిడని అడిగానని రాయమంది. డబ్బారేకు సంగతి నేనెవరికీ చెప్పలేదు, నువ్వు కూడా ఇక మర్చిపో. అయిపోయాయి కబుర్లు.

ఇక అసలు విషయం. 1995లో పాసర్లపూడి గ్యాసు బావి మంట ఎవరు పెట్టారో నాకు తెలిసిపోయిందిరా. మీరే. మీ పాలకొల్లు.

నవ్వకు. సాక్ష్యం నా కళ్ళతో చూశాను, అదీ తెర మీద, పీకులతో సహా.

తరమణి వైపు ఒక ల్యాబు నుంచి సర్వీసు కాల్ వచ్చింది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్, అంటే శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసేది, దాని వెనక మాస్ స్పెక్ట్రోమీటర్, వాటి అణువుల బరువు తూచేది. నేను ఎక్కువగా తిరిగేది మందుల కంపెనీలు, కల్తీ నూనెలు పట్టే ల్యాబులు. ఎక్కడికెళ్ళినా మిషన్ పని ఒకటే. చుక్కలో యాభయ్యో వంతు శాంపిల్ సూదితో గుచ్చితే అది వేడికి ఆవిరై, చుట్టలు చుట్టిన ముప్పై మీటర్ల సన్నటి గొట్టంలోకి పోతుంది. తేలికవి ముందు, బరువైనవి వెనక. ఒక్కొక్కటీ బయటికొచ్చినప్పుడల్లా తెర మీద ఒక పీకు లేస్తుంది. ఇందులో ఏం పోశారు, ఎందుకు పోశారు అని నేనెప్పుడూ అడగను. బేస్‌లైన్ చదునుగా ఉందా, పీకులు నిటారుగా ఉన్నాయా, రిపోర్టు మీద సంతకం పెట్టారా, అంతే.

ఆ రోజు కంప్లైంటు ఏంటంటే లోపలికి గాలి పోతోంది. నైట్రోజన్, ఆక్సిజన్, నీటి ఆవిరి కుప్పలుగా కనిపిస్తున్నాయి. గొట్టం బిగింపు దగ్గర గాలి పోకుండా ఆపే చిన్న రింగు, ఫెర్రూల్, అరిగిపోయింది. మార్చి, నట్టు బిగించి, పంపు వేశాను. ఇక వాక్యూమ్ దిగేదాకా చేసేదేమీ లేదు. ఊరికే కూర్చోక శాంపిల్ ట్రే వైపు చూస్తే, ఒక చిన్న సీసా మీద ఇంగ్లీషు అక్షరాల్లో "పాలకొల్లు" అని రాసి ఉంది!

ఆ ల్యాబు చూసే మేడమ్‌ది తెనాలి వైపు. నెరిసిన జుట్టు, గట్టి గొంతు. "ఏంటండీ మేడమ్, పాలకొల్లు కాలవ నీళ్ళు గానీ తెప్పించారా?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, "ఊరు కాదు బాబూ, రాయి" అన్నారు. "మాది రాజోలు దగ్గరండీ, పాలకొల్లు నా ప్రాణస్నేహితుడి ఊరు" అన్నాను. అంతే, ఆవిడ లేచి నన్ను గోడ మీదున్న చార్టు దగ్గరికి లాక్కెళ్ళారు.

సుబ్బూ, ఆ చార్టు నువ్వు చూడాలిరా. కృష్ణా గోదావరి బేసిన్‌లో కింద నుంచి పైకి ఏ రాతిపొర మీద ఏ పొర ఉందో వరసగా రాశారు. అడుగు వైపు మండపేట శాండ్‌స్టోన్. దాని పైన గొల్లపల్లి, రాఘవాపురం షేల్, తిరుపతి శాండ్‌స్టోన్. ఆ పైన రాజోలు. దాని నెత్తిన పాలకొల్లు షేల్. దాని మీద పాసర్లపూడి. ఇంకా పైకెళ్తే మత్స్యపురి, నర్సాపురం క్లేస్టోన్, చిట్టచివర గోదావరి క్లే. మన ఊళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి! ఏ బావిలోనో ఏ ఊరి దగ్గరో ఆ పొరని బాగా గుర్తుపడితే ఆ పేరే ఉండిపోతుందట. మనం సైకిళ్ళ మీద ఆ చివర నుంచి ఈ చివరికి తిరిగిన ఊళ్ళు, వీళ్ళ లెక్కలో కిలోమీటర్ల లోతుకి పోతున్నాయి.

ఇక్కడ నీకొక దెబ్బ ఉంది, కాచుకో. రాజోలు అంటే లావా. నల్లరాయి, బసాల్టు. రాజమండ్రి దగ్గర కాటేరులో, పంగిడిలో క్వారీల్లో కొడతారే, అదే మన వైపు లోతుగా భూమిలోకి దిగిపోయింది. మహారాష్ట్రని కప్పేసిన లావాయే వెయ్యి కిలోమీటర్లు పారి మన సముద్రం దాకా వచ్చిందని శాస్త్రవేత్తలు అంటారట. మరి పాలకొల్లు? బురద! ఒట్టి బురద, గట్టిపడిన బురద. మాది నిప్పు, మీది బురద. అమ్మకి ఇంటికొచ్చి చెప్తే, "అయితే అడుగున ఉండి వాళ్ళని మోస్తున్నది మనమేనన్నమాట" అంది.

సరే, బురద అని తేలిగ్గా తీసేయకు. కథంతా ఆ బురదలోనే ఉంది.

నువ్వు బళ్ళో పిల్లలకి రాక్షసబల్లులు కుళ్ళి పెట్రోలయ్యాయని చెబుతావు కదా? ఇక చెప్పకు మాస్టారూ. రాక్షసబల్లులు పోయింది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట. మా రాజోలు లావా ఆ కాలం నాటిదే. మీ పాలకొల్లు షేల్ దాని పైన, ఆ తర్వాత పడింది. అంటే మీ బురద పడేనాటికి నీ బల్లులు లేనే లేవు! మేడమ్ ఇది చెప్పినప్పుడు నాకు నీ మొహమే గుర్తొచ్చి గట్టిగా నవ్వాను. ఆవిడ కొంచెం కంగారుపడ్డారు.

మరి దేన్నుంచి వచ్చింది? కంటికి కనపడని నాచు, నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, ఆకులు, పుప్పొడి, చెట్ల బెరడు, వీటన్నిటినీ తిని బతికే బ్యాక్టీరియా. వీటిలో నూటికి ఒక పాలు కూడా మిగలదట. ప్రాణం పోయిన ప్రతిదాన్నీ ఇంకేదో తినేస్తుంది, ఆక్సిజన్ మిగతాది చూసుకుంటుంది. గాలి ఆడని బురదలో చప్పున పూడుకుపోయిన ఆ కాస్తే మిగులుతుంది. దాని మీద ఇంకా బురద, ఇంకా ఇసుక పడుతూ అది కిందికి దిగిపోతూ ఉంటుంది. అప్పుడు చక్కెరలు, మాంసకృత్తులు పోయి, మిగిలినవి ఒకదానికొకటి అతుక్కుపోయి కెరోజెన్ అనే పదార్థం అవుతుంది. నల్లగానో గోధుమరంగుగానో ఉంటుంది, మామూలు ద్రావకాల్లో వేస్తే కరగదు. ప్రపంచంలో ఉన్న నూనె, బొగ్గు అన్నీ కలిపినా రాళ్ళలో చెదురుగా ఉన్న ఈ కెరోజెన్ ముందు చాలా తక్కువట.

ఆ తర్వాత పని వేడిది. కిలోమీటరు లోతుకి సుమారు 25, 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. 60 డిగ్రీలు దాటాక కెరోజెన్ మెల్లగా విడిపోయి నూనె వదులుతుంది. 150 దాటిందంటే నూనె కూడా ముక్కలైపోయి గ్యాసే మిగులుతుంది. మంట మండిన ఆ సంక్రాంతికి మీ ఇంట్లో పిన్ని అరిసెలకి పాకం పెట్టి, మనందరితో పాటు మంట చూడ్డానికి డాబా ఎక్కింది గుర్తుందా? దిగొచ్చేసరికి పాకం ముదిరి రాయి. బాబాయి ఆ గిన్నెని గునపంతో... సరే, అది వద్దులే. అచ్చం అలాగే, అదును దాటితే మళ్ళీ వెనక్కి రాదు. కాకపోతే ఇక్కడ వేడి కొంచెం తక్కువైనా కాలం ఎక్కువైతే సరిపోతుందట. కోట్ల ఏళ్ళు ఉన్నాయిగా.

ఆ ల్యాబులోనే పక్కన ఇంకో మిషన్ ఉంది, రాక్-ఎవాల్ అంటారు, ఫ్రాన్సు వాళ్ళు కనిపెట్టింది. చిటికెడు రాతిపొడి వేస్తే ముందు 300 డిగ్రీల దగ్గర అప్పటికే తయారై ఉన్న నూనె బయటికొస్తుంది. అక్కణ్ణుంచి నిమిషానికి 25 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోతే కెరోజెన్ పగిలి కొత్తగా నూనె, గ్యాసు పుడతాయి. అది ఏ డిగ్రీ దగ్గర జోరుగా పగిలిందో చూసి, ఈ రాయి భూమిలో ఎంత ఉడికిందో చెప్పేస్తారు. 435కి లోపు అయితే ఇంకా పచ్చిదేనట. ఆ మిషన్ మా కంపెనీది కాదు కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు. చూపు మాత్రం పోయింది.

ఇంతలో వాక్యూమ్ దిగింది. మామూలుగా నేను చెకింగ్‌కి ఒక స్టాండర్డ్ వేస్తాను. ఆల్కేన్లు, అంటే కార్బన్, హైడ్రోజన్ గొలుసులు, 7 కార్బన్లది, 8 కార్బన్లది, అలా 40 దాకా, సమానంగా కలిపినవి. మెట్లు మెట్లుగా పీకులు రావాలి. వచ్చాయి. "బాబూ, ఇప్పుడు నాది వేద్దాం" అని మేడమ్ నైవేలి లిగ్నైట్ నుంచి తీసిన చుక్క గుచ్చారు. నైవేలి ఇక్కడికి దక్షిణంగా కడలూరు జిల్లాలో ఉంది, 1930లలో ఒక భూస్వామి పొలంలో నీళ్ళకోసం బోరు వేయిస్తే నల్లటి పదార్థం పైకొచ్చిందట. ఆ లిగ్నైట్ ముక్క నా చేతిలో పెట్టారు. బొగ్గు అంటావా, చెక్క అంటావా? గోధుమరంగు, చెక్క పొరలు ఇంకా తెలుస్తున్నాయి.

తెర మీద పీకులు లేస్తున్నాయి. చివర్లో ఒక వింత. 27 కార్బన్లది పొడుగు, 28 పొట్టి, 29 పొడుగు, 30 పొట్టి, 31 పొడుగు. బేసి సంఖ్యలన్నీ లేచి నిలబడ్డాయి, సరి సంఖ్యలు కూర్చున్నాయి. ఇంజెక్టర్‌లో ఏమైనా తేడా ఉందేమోనని నేను లేవబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. "అది ఆకుల మైనం. చేమాకు మీద నీళ్ళు నిలవవు కదా, ఆ మైనం. చెట్టు దాన్ని ఎక్కువగా బేసి సంఖ్యల్లోనే కడుతుంది."

సుబ్బూ, ఎప్పటి ఆకురా అది! ఎన్ని లక్షల ఏళ్ళు, ఎన్ని అడుగుల మట్టి కింద! ఆ పాత చెట్టు లెక్క చెడకుండా మా కంపెనీ మిషన్‌లోంచి బయటికొస్తోంది. బాగా ఉడికిన నూనెలో అయితే ఈ ఎత్తుపల్లాలు పోయి సాపు అయిపోతుందట. లిగ్నైట్ ఉడకలేదు, అందుకే ఇంకా...

ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇది చదివి "అదంతా సరేగానీ" అన్నావంటే ఊరుకోను.

ఇంకోటి. డీజిల్ ల్యాబుల్లో నేను రోజూ చూసేదే. 17 కార్బన్ల పీకు పక్కన ఒక చిన్న పీకు, 18 పక్కన ఇంకోటి అంటుకుని ఉంటాయి. రెండూ విడివిడిగా కనపడితే కాలమ్, అంటే ఆ సన్నటి గొట్టం, బాగున్నట్టు, కలిసిపోతే కాలమ్ మార్చమని కస్టమరుకి చెబుతాం. వాటి పేర్లు ప్రిస్టేన్, ఫైటేన్ అని తెలుసు. కాలమ్ అమ్మడానికి పనికొస్తాయని తెలుసు. అవి పత్రహరితం తోకట రా! ఆకుపచ్చటి పదార్థం అణువుకి 20 కార్బన్ల తోక ఉంటుంది. చాలావరకు ఆ తోకే తెగి, రాయిలో దాక్కుని, నూనెలోకొచ్చి, లారీ ట్యాంకులో ఉంది. నేలలో గాలి ఆడే చోట అయితే ఒక కార్బన్ పోగొట్టుకుని 19తో ప్రిస్టేన్ అవుతుంది. గాలి ఆడకపోతే 20తో ఫైటేన్. ఏది ఎంత ఎత్తుందో చూసి అప్పటి బురద ఎలాంటిదో అంచనా కడతారట. నా బ్యాగులో పెట్టుకుని ఊరంతా తిరిగిన ప్రింట్లలో ఇంత కథ ఉంది.

తర్వాత మీ పాలకొల్లు వేశారు. ప్రిస్టేన్ చెట్టంత లేచింది, ఫైటేన్ దాని పక్కన మరుగుజ్జు. అప్పుడు ఆవిడ చెప్పింది విను. సముద్రపు నాచులో, చెరువు నాచులో కొవ్వు ఎక్కువ, కొవ్వులో హైడ్రోజన్ ఎక్కువ, కాబట్టి అది నూనెకి మంచిది. నేల మీది చెట్ల చెక్కలో హైడ్రోజన్ తక్కువ, అది ఎక్కువగా బొగ్గు, గ్యాసు ఇస్తుంది. నది తెచ్చి పోసిన ఆకులూ కొమ్మలూ కలిసిన బురద అయితే గ్యాసు వైపే మొగ్గుతుంది. అంతమాత్రాన మన దగ్గర నూనె లేదని కాదు, ఎస్.యానం ఎదురుగా సముద్రంలో రవ్వ నూనె క్షేత్రం ఉండనే ఉంది. ఆకు మైనం, చెట్టు జిగురు కూడా నూనె ఇస్తాయట. మిషన్‌లో 191 బరువున్న అణుముక్కల్ని మాత్రమే చూస్తే ఒలియనేన్ అని ఒక పీకు కనిపిస్తుంది, అది పూల మొక్కల గుర్తు. దాని పక్కనే బ్యాక్టీరియా కణపొరల తాలూకు పీకులు. ఎవరెవరు పోయి అందులో కలిశారో జాబితా ఉన్నట్టే లెక్క. నీ బల్లులు మాత్రం లేవు, మళ్ళీ చెబుతున్నా.

ఇక నేరం రుజువు చేస్తాను. పాలకొల్లు షేల్‌లో పుట్టిన గ్యాసు నీటికంటే తేలిక. రాతి సందుల్లోంచి పైకి పాకుతుంది. పైన పాసర్లపూడి పొరలో ఇసుకరాయి ఉంది, దాని సూక్ష్మమైన ఖాళీల్లో చేరుతుంది. ఇంకా పైకి పోదామంటే బంకమట్టి లాంటి పొర అడ్డం, దారి లేదు. అక్కడే ఒత్తిడితో కూర్చుంటుంది, ఎవరైనా బావి దింపేదాకా. బావి తవ్వేటప్పుడు బరువైన డ్రిల్లింగ్ బురదతో ఆ ఒత్తిడిని అణిచిపెట్టాలి. అది పట్టు తప్పిన రోజు 1995 జనవరి 8. మార్చి 15 దాకా, 65 రోజులు.

ఆ మొదటి రాత్రి నాకిప్పటికీ... ఆ హోరు చెవుల్లో ఉందిరా. అమ్మ నన్నూ చెల్లినీ రెక్క పట్టుకుని నడిపించడం, నాన్న ఆవుల పలుపులు కోసి వదిలేయడం, దిండి రేవులో పడవ కోసం జనం. ఆవుల్లో ఒకటి తిరిగి రాలేదు. దాని గురించి నాన్న ఎప్పుడూ మాట్లాడలేదు. మీ వాకిట్లోకొచ్చి నిలబడితే పిన్ని ఒక్క ప్రశ్న వేయలేదు, విస్తళ్ళు వేసింది. నువ్వేమో నీ మంచం నాకిచ్చినట్టే ఇచ్చి అర్ధరాత్రి తన్ని కింద పడేశావు. మన స్నేహం అక్కడ మొదలైంది. పండగంతా మీ ఇంట్లోనే. అర్ధరాత్రి కూడా తూర్పున ఆకాశం ఎర్రగా ఉండేది, బాబాయి దాన్ని చూపించి "కరెంటు బిల్లు లేని దీపం" అనేవారు.

కాబట్టి సుబ్బూ, మీ ఊరి పేరున్న బురదలో పుట్టిన గ్యాసే మమ్మల్ని ఇల్లు వదిలి పరిగెత్తించింది. మీ ఊళ్ళోనే మాకు చోటు దొరికింది. నిప్పు పెట్టిందీ మీరే, అన్నం పెట్టిందీ మీరే. దీని మీద కేసు వేయాలా, దండం పెట్టాలా? ఇది తేలే లెక్క కాదు.

ఈ మాట మేడమ్‌తో అంటే ఆవిడ చాలాసేపు నవ్వి, ఆ తర్వాత ఆ ప్రింటు ఒకటి తీసి నాకిచ్చారు. మడతపెట్టి ఇందులో పెడుతున్నాను. 17 పక్కన పెన్సిల్‌తో గుండ్రం చుట్టింది నేనే. పిన్నికి చూపించి "మీ ఊరి సంతకం" అని చెప్పు.

మా మేనేజరు మాత్రం ఫోన్ చేసి అరిచాడు. ఫెర్రూల్ మార్చడానికి పూట పట్టిందేంటని. సర్వీసు రిపోర్టులో "శాంపిల్: పాలకొల్లు" అని రాశానట, అది కస్టమరు పేరనుకుని బిల్లింగ్ వాళ్ళు వెతుకుతున్నారట. పోనీ మీ అడ్రసు ఇచ్చేద్దునా?

అన్నట్టు ఒకటి మర్చిపోయా, చాలా బావుంటుంది. ఇప్పటిదాకా తోక సంగతి చెప్పాను కదా, తల సంగతి ఉంది. 1934లో జర్మనీలో, మ్యూనిక్‌లో, ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే రసాయన శాస్త్రవేత్త ముడి నూనెలో పత్రహరితం తల భాగం దొరికిందని చూపించాడు. నూనె ప్రాణులనుంచే వచ్చిందనడానికి అది పెద్ద ఆధారం. ఆకులో అయితే ఆ తల మధ్యలో మెగ్నీషియం ఉంటుంది కదా, నూనెలో దాని స్థానంలో వెనేడియం ఉంది. మెగ్నీషియం ఎందుకు పోయింది, వెనేడియం ఎలా దూరింది అంటే, మేడమ్ చెప్పిందేంటంటే సముద్రపు అడుగున గాలి ఆడనప్పుడు

చిన్నోడు ట్యూషన్ నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, వాన మొదలైంది, బండిలో పెట్రోలు కూడా చూసుకోలేదు. మిగతాది వచ్చే ఉత్తరంలో. పిన్నికి, బాబాయికి నమస్కారాలు. జవాబు రాయి, ఫోన్ చేయకు.

నీ
రాజోలు లావా